ఊరివైపు తిప్పిన చెప్పులు

మిలట్రీ బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఇడ్లీ తింటున్నాను. అబద్ధమెందుకు, తినడం ఆపలేదు. పళ్లెంలో ఉన్న నాలుగూ తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుని అప్పుడు అడిగాను మా ఆవిణ్ణి, ఎప్పుడు పోయాడని.

“తెల్లారగట్ల. నరసరావుపేట ఆస్పత్రిలో, గుండె ఆగిపోయిందంట,” అంది. “ఏం మనిషివయ్యా నువ్వు! ఊరంతా గొల్లుమంటంటే చెట్నీ నాక్కుంటా కూచున్నావు.”

“నేను తినకపోతే లేచొస్తాడా?”

“లేచి రాడు. నీ కుళ్లు మాత్రం చావదు,” అని తలుపు దగ్గరికేసి ఏడవడానికి వెళ్లిపోయింది. మా అత్త పోయినప్పుడు కూడా అంత తొందరగా గుమ్మం దాటలేదు.

మా ఆవిడ అన్నది నిజమే. కబురు వినగానే నాకు తట్టిన మొదటి ఆలోచన, ఈయన చావుకి ఎంతమంది వస్తారో అని. రెండోది, నా చావుకి అందులో సగమైనా వస్తారా అని. మూడో ఆలోచన నా చెప్పుల గురించి. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా మంట ఏమిటో మీకు తెలియదు. మా ఊరు కృష్ణ ఒడ్డున ఉంది, గురజాల నుంచి బస్సులో గంట ప్రయాణం. మాది వల పట్టిన ఇల్లు. నడక కంటే ముందు నాకు ఈత వచ్చిందని మా అమ్మ చెప్పేది. నాలుగక్షరాలు వచ్చు గనక హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరయ్యాను గానీ, ఊళ్లో నాకు పేరొచ్చింది మాత్రం ఏట్లోనే. మా రేవు కింద ఇసుక తవ్విన గుంటలున్నాయి. మోకాటి లోతు అనుకుని ఒక అడుగు వేస్తారు, రెండో అడుగుకి మనిషి కనపడడు. ఎవరు మునిగినా నాకే కబురు వచ్చేది. బతికుండగా లాగినవాళ్లున్నారు, ఆలస్యమై లాగినవాళ్లున్నారు. పోలీసు జీపు కూడా ముందు మా ఇంటి ముందే ఆగేది. ఒకసారి పేపరువాళ్లు నా ఫొటో వేసి కింద ‘గజ ఈతగాడు’ అని రాశారు. దాన్ని లామినేషను చేయించి వినాయకుడి పటం పక్కన తగిలించాను. మా ఆవిడ రోజూ వినాయకుడికి పువ్వు పెట్టేది. నాకు పెట్టేది కాదు.

అదిగో, అట్లా సాగుతున్న నా ఏట్లోకి ఈయన వచ్చిపడ్డాడు.

ఆయన సొంతూరు మా ఊరు కాదు. వినుకొండ అవతల ఎక్కడో మెట్ట ఊరు, తాగడానికి నీళ్లు దొరికితే పండగ చేసుకునే చోటు. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో చేసి, సుబేదారుగా దిగి, పెళ్లాం పుట్టిల్లని మా ఊళ్లో కాపురం పెట్టాడు. ఆ అక్క మా ఊరి ఆడపడుచు కాబట్టి ఈయన ఊరందరికీ బావ అయ్యాడు. ఇంత మీసం ఉన్న మనిషి, అంతకంటే పెద్ద గొంతున్న మనిషి, కాలువ గట్టు మీద నడిచినా పరేడులో నడిచినట్టే ఉండేవాడు. ‘వాడు’ అని రాద్దామని ఈ కాగితం మీద రెండుసార్లు మొదలుపెట్టాను. చెయ్యి రావడం లేదు.

మిలట్రీ నుంచి వచ్చినవాళ్లు సామాన్యంగా బ్యాంకు దగ్గర కాపలాకి వెళ్తారు, లేదంటే పొలం కొంటారు. ఈయన రేవు మెట్ల మీద రేకుల షెడ్డు వేసి చెప్పుల స్టాండు పెట్టాడు. దాంతో పాటు టీ, కొబ్బరికాయలు, కర్పూరం, దీపాలు వదిలే అరటి దొప్పలు, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి పట్టాలు కట్టిన చిన్న గది. తనేమో ఆదివారం చర్చికి వెళ్లే మనిషి, అమ్మేదేమో కార్తీక దీపాలు. ఊరంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

చూసొద్దామని మొదటి రోజే వెళ్లాను. మెట్ల దగ్గర చెప్పులు విడిచాను. నమస్కారం లేదు, బాగున్నావా లేదు, వంగి నా చెప్పు తీసి తిరగేసి చూశాడు.

“కుడికాలు ఎప్పుడో ఇరిగింది గదా బామ్మర్దీ?” అన్నాడు.

 చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డాను. కాలు అతుక్కుంది, నడకలో ఏమీ తెలియదు. మా ఆవిడకి కూడా నేను చెప్పేదాకా తెలియదు.

“నీకెవరు చెప్పారు?”

“నీ చెప్పు చెప్పింది. కుడిమడమ బయటికి అరిగింది, ఎడమది తిన్నగా ఉంది. మనిషి మొహం అబద్ధమాడుద్ది గానీ చెప్పు ఆడదు.” నా జతని వరసలో పెట్టి, “ఏట్లో దిగుతావా, ఊరికే చూసిపోతావా?” అని అడిగాడు.

“నేను ఏట్లో దిగేది ఎవరైనా మునిగినప్పుడే,” అన్నాను, కాస్త గొప్పగానే.

“అయితే ఇకమీదట నువ్వు దిగే పని పడదులే,” అన్నాడు.

పెట్టిన మొదటి రోజే నా ఉద్యోగం పీకేశాడు. ఆ మాట అన్నప్పుడు మొహంలో వెటకారం కూడా లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఒకటి అనేవాణ్ణి.

ఆయన పద్ధతి ఇది. నీళ్లలోకి దిగేవాళ్లు ఎవరైనా చెప్పులు ఆయన దగ్గర విడవాల్సిందే. ఆ జతని మొన ఏటివైపు పెట్టి వరసలో సర్దేవాడు. మనిషి ఒడ్డుకొచ్చి తల తుడుచుకుంటుంటే ఆ జతని మొన ఊరివైపు తిప్పేవాడు. అంతే. ఎవరెప్పుడొచ్చి, “బావా, లోపలెంతమంది?” అన్నా ఒక్క చూపు చూసి చెప్పేవాడు. ఎక్కువసేపు తిరగని జత కనపడితే మెట్ల మీదికొచ్చి పేరు పెట్టి అరిచేవాడు. పేరు తెలియకపోతే చెప్పు పెట్టి అరిచేవాడు: “ఎర్ర పట్టీలోళ్లు యాడున్నారు? గుంటవైపు పోమాకండి! ఇటు రండి!” ఆ గొంతుకి అవతలి ఒడ్డున తెలంగాణవాళ్లు కూడా వెనక్కి జరిగేవాళ్లు. సైన్యంలో పొద్దునా సాయంత్రం మనుషుల్ని లెక్కపెట్టడాన్ని గిన్తీ అంటారట. రేవు కట్టేసే ముందు చివరి జతని తిప్పి, “గిన్తీ సరిపోయింది,” అనుకుని అప్పుడు టీ తాగేవాడు. అంతకుముందు ఎంతమంది బతిమాలినా గుక్క ముట్టేవాడు కాదు.

మాల వేసుకున్న స్వాములతో గొడవొచ్చింది. వాళ్లకి చెప్పులుండవు కదా, లెక్కెట్లా? ఈయన ఒక్కొక్కరి దగ్గరా భుజం మీది తువ్వాలు లాక్కునేవాడు. “స్వామీ, తలెట్టా తుడుచుకోవాలి?” అంటే, “బయటికొచ్చి అడుగు, ఇస్తా,” అనేవాడు.

అంతకంటే పెద్ద గొడవ శనివారాలు. మన దగ్గర పాత చెప్పులు ఏటి ఒడ్డున విడిచిపెట్టి వెనక్కి చూడకుండా వెళ్తే పట్టిన శని వదిలిపోతుందంటారు. పాపం, జనం ఎప్పటినుంచో చేసే పని. ఈయన షెడ్డు పెట్టాక అది నేరమైపోయింది. తెగిన చెప్పులు మెల్లగా జారవిడిచి బస్సువైపు వెళ్తున్న ఒక పెద్దమనిషి వెంట ఈయన ఆ చెప్పులు పట్టుకుని పరిగెత్తడం నేను కళ్లారా చూశాను. “నీ శని నీ కాళ్లకే ఉండనియ్ నాయనా! నా గిన్తీ చెడగొట్టమాక!” అని బస్సు కిటికీలోంచి ఆ చెప్పులు లోపలికి విసిరాడు. బస్సంతా నవ్వులు. ఆ పెద్దమనిషి కూడా నవ్వాడు. అదే నేను చేస్తే కొట్టడానికొచ్చేవాళ్లు.

ఏడాది గడిచింది. ఒక్కరు కూడా మునగలేదు. రెండేళ్లు గడిచాయి. మహాశివరాత్రికి కోటప్పకొండ వెళ్లొచ్చిన జనం దారిలో మా రేవులో దిగి బండ్లకి బండ్లు స్నానాలు చేశారు, అప్పుడూ ఎవరూ మునగలేదు. ఎవరూ చావకపోతే సంతోషించాలి. నేనూ మనిషినే, సంతోషించాను. కానీ పొద్దున్నే లేచి గుమ్మంలో కూచుంటే, జీపు రాదు, కబురు రాదు, ‘అన్నా తొందరగా రా’ అని ఎవరూ అరవరు. ఊళ్లో పెళ్లికి వెళ్తే ముందు వరసలో కుర్చీ నాకు వేసేవాళ్లు, ఇప్పుడు బావకి వేస్తున్నారు. లామినేషను కాగితం పసుపు రంగుకి తిరిగింది. నాకు కడుపు మండిపోయేది.

దానికితోడు కనపడినప్పుడల్లా ఒకటే మాట: “బామ్మర్దీ, ఈతరానోడు ఒడ్డునుంటాడు. పోయేది ఈతొచ్చినోడే. ఒంటరిగా గుంటల్లోకి పోమాక.” నాకు! కృష్ణలో పుట్టి పెరిగిన నాకు, బావిలో బొక్కెన వేసుకుని పెరిగిన ఆయన చెప్పడం! ఒళ్లు మండి ఒకసారి అడిగాను, “అసలీ లెక్కల పిచ్చి నీకెట్టా పట్టింది బావా?” అని.

 టీ గిన్నె మీద మూత పెట్టి చెప్పాడు. “మంచులో ఒకసారి పన్నెండుమంది పోయాం. తిరిగొచ్చి చీకట్లో లెక్కపెడితే పన్నెండూ సరిపోయారు. తెల్లారినాక చూస్తే పదకొండుమందే. లెక్కపెట్టినోడు ఒకణ్ణి రెండుసార్లు లెక్కపెట్టాడు.”

“ఎవరు బావా లెక్కపెట్టింది?”

 అప్పుడే ఒడ్డుకొచ్చిన ఒకామె చెప్పులు ఊరివైపు తిప్పాడు. నాకు అర్థమైంది. అర్థమై కూడా, సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు కుళ్లే వచ్చింది. చెప్పుకోవడానికి నాకు అట్లాంటిది ఒక్కటి కూడా లేదు. నేను లాగిన శవాలన్నీ వేరేవాళ్ల తప్పులు.

ఆ కార్తీకంలోనే నా బుద్ధి గడ్డి తినింది.

ఆయన గిన్తీని ఒక్కసారి తప్పిస్తే చాలనిపించింది. ఒక్క జత, సాయంత్రానికి మొన ఏటివైపే మిగిలిపోవాలి. ఆయన గుండెలు బాదుకుని ఊళ్లోకి పరిగెత్తాలి, జనం చేరాలి, పోలీసులు రావాలి, నన్ను పిలవాలి. అప్పుడు నేను తీరిగ్గా వచ్చి, ఎవడో శని వదిలించుకుని పోతే దానికింత గోలా అనాలి. అందరూ నవ్వాలి. ఆ నవ్వు కోసం నేను పది రోజులు పథకం వేశాను. స్కూల్లో ఉన్నన్నాళ్లు ఒక్క పనికి కూడా అంత బుర్ర పెట్టలేదు.

ఇంట్లో మూల పడున్న నా పాత రబ్బరు చెప్పులు తీశాను. మునుపటి నీలం పట్టీలు చూసి ఎవరైనా గుర్తుపడతారని, పిడుగురాళ్ల వెళ్లినప్పుడు పచ్చ పట్టీలు కొని వేశాను. పౌర్ణమి మర్నాడు సాయంత్రం, జనం పల్చబడుతుండగా, బావ అటు తిరిగి ఎవరికో టీ పోస్తుంటే, ఆ జతని వరసలో పెట్టాను. మొన ఏటివైపు. తర్వాత వంద గజాల కింద రాతి గుండు వెనక కూచుని బీడీ ముట్టించాను.

పొద్దు వాలింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రేవు ఖాళీ అయింది, షెడ్డు లోపల అక్క ఒక్కతే ఉంది. బావ వరస దగ్గరికొచ్చాడు. చివరి జత తిరగలేదు. ఏటివైపు చూశాడు, అటూ ఇటూ చూశాడు. నాకు నవ్వు ఆగడం లేదు. వంగి చెప్పు తీశాడు. తిరగేసి అరికాలు చూశాడు.

ఇప్పుడు ఊళ్లోకి పరిగెత్తుతాడనుకున్నాను. చెప్పు కింద పడేసి మెట్ల మీంచి కిందికి పరిగెత్తాడు. చొక్కా విప్పలేదు, చేతి గడియారం తీయలేదు, చెప్పులైనా విడవలేదు. ఏదో అరుస్తున్నాడు. శివాలయం మైకులో పాటలు హోరెత్తుతున్నాయి, ఏమంటున్నాడో నాకు వినపడలేదు. మోకాళ్లు, నడుము, ఛాతీ. అయినా ఆగలేదు, గుంటల వైపే వెళ్తున్నాడు. రెండో అడుగుకి తల కనపడలేదు.

మళ్లీ పైకొచ్చాడు. చేతులతో నీళ్లని గుద్దుతున్నాడు.

ఈతొచ్చినవాడు నీళ్లని గుద్దడు. అప్పుడు తెలిసింది నాకు, ఈయనకి ఈత రాదని. ఇన్నేళ్లు ఒడ్డున నిలబడి లెక్కపెట్టింది అందుకని. బీడీ నోట్లోనే ఉంది, నేను నీళ్లలో ఉన్నాను. ఎట్లా దూకానో గుర్తులేదు. మునిగేవాణ్ణి జుట్టు పట్టి లాగాలి. మిలట్రీ కటింగు, పట్టుకోవడానికి జుట్టెక్కడిది? చొక్కా కాలరు దొరికింది. లాగి, అక్క ఏడుస్తూ నిలబడ్డ మెట్ల మీద పడేసి వీపు మీద గుద్దాను. నీళ్లు కక్కాడు. కళ్లు తెరిచి నా మొహం చూశాడు. నా చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు, ఎంతకీ వదల్లేదు.

“లోపలెవరూ లేరు బావా,” అన్నాను. 

“తెలుసు,” అన్నాడు. కాసేపు దగ్గాడు. “గిన్తీ సరిపోయింది బామ్మర్దీ.”

 పసిగట్టేశాడనుకున్నాను. రేపు పొద్దున ఊరి మధ్యలో నిలబెట్టి అడుగుతాడు, నా పరువు గంగలో కలుస్తుంది, అనుకుంటూ ఆ రాత్రంతా మంచం మీద దొర్లాను.

పొద్దున్నే ఊరి మధ్యలో నిలబడ్డాడు, నిజమే. “కాలు జారి గుంటలో పడ్డా. నాకు ఈత రాదు. ఈ బామ్మర్ది లేకపోతే ఇప్పటికి మీరు నాకు పాటలు పాడతా ఉండేవాళ్లు,” అన్నాడు. చెప్పుల మాట ఎత్తలేదు. పెళ్లిలో వేసినట్టు నాకు కుర్చీ తెప్పించి, మెళ్లో దండ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను మూడేళ్లుగా ఎదురుచూసిన చప్పట్లు అవి. మింగుడు పడలేదు. పోనీ, ఈత రాదని బయటపడింది కదా, ఇక ఈయన్ని ఎవరు లెక్కచేస్తారులే అనుకున్నాను. సాయంత్రానికి ఊళ్లో మాట ఎట్లా తిరిగిందో చూడండి. “ఈత రాకుండానే ఇన్నాళ్లు ఒక్క ప్రాణాన్ని పోనియ్యలేదు. ఏం మనిషే!” అంది మా ఆవిడ, నాకు అన్నం వడ్డిస్తూ. ఆయన్ని కాపాడింది నేను. గొప్ప ఆయనది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

మర్నాడు షెడ్డుకి వెళ్తే నా పచ్చ పట్టీల చెప్పులు పై అరలో కనిపించాయి. కడిగి, తుడిచి, మొన ఊరివైపు తిప్పి పెట్టాడు. నన్ను పొడవడానికే అట్లా పెట్టాడనుకున్నాను. రోజూ టీకి వెళ్లినప్పుడల్లా అవి నా మొహంలోకి చూసేవి. ఒక్కసారి కూడా వాటి ఊసెత్తలేదాయన. అడగడానికి నాకు నోరు రాలేదు. ఎనిమిదేళ్లు ఆ అర కింద కూచుని టీ తాగాను.

ఆ ఎనిమిదేళ్లూ నన్ను ఒకటే అడిగేవాడు. “బామ్మర్దీ, నాకు ఈత నేర్పరాదా?”

“రేపు చూద్దాం బావా.”

“నిన్నా అదే మాటన్నావు.”

“నీళ్లు చల్లగున్నయ్ బావా.” ఎండాకాలమైతే, “నీళ్లు తక్కువున్నయ్ బావా.” ఆయనకున్న మీసానికి, గొంతుకి, ఊరి మర్యాదకి తోడు ఈత కూడా వస్తే ఇక నాకు మిగిలేదేంటి? అదొక్కటీ నా దగ్గర దాచుకున్నాను. ఆయనకి తెలుసనుకుంటాను. నవ్వి ఊరుకునేవాడు.

అట్లాంటి మనిషి, ఇప్పుడు చర్చి ఆవరణలో పెట్టెలో పడుకుని ఉన్నాడు. మూడు రంగుల జెండా కప్పారు. మీసం దువ్వారు. నేను వెనకాల నిలబడి జనాన్ని లెక్కపెడదామని చూశాను, సాధ్యం కాలేదు. చర్చి గుమ్మంలో చెప్పులు గుట్టలుగా పడున్నాయి, ఎవరివి ఎవరివో తెలియకుండా. మాల వేసుకున్నవాళ్లు చావింటికి రాకూడదు. రోడ్డు అవతల ఇరవైమంది స్వాములు ఎండలో నిలబడి ఉన్నారు, భుజం మీది తువ్వాళ్లు తీసి చేతుల్లో పట్టుకుని. అది చూసి నాకు ఏడుపు రావాలి. వీళ్లు నాకోసమైతే నిలబడరు కదా అనిపించింది.

మూడో రోజు అక్క కబురు పెట్టింది, షెడ్డు సర్దాలి, సాయం రమ్మని. వెళ్లాను. కొబ్బరికాయలు బస్తాలో వేశాం, గిన్నెలు కట్టాం. చివరికి అక్క స్టూలెక్కి పై అరలోంచి ఆ జత దించింది.

“ఇయ్యి నీయ్యి. తీసుకెళ్లు తమ్ముడా,” అంది.

దాచి లాభం లేదనిపించింది. “నావని బావకి ఎప్పుడు తెలిసిందక్కా?”

“ఎప్పుడేంది? చేత్తో తియ్యంగానే తెలిసింది. కుడిమడమ చూశాడు గదా.”

“అయితే వేళాకోళానికి పెట్టానని తెలిసి కూడా నీళ్లలో దిగాడా?”

అక్క నా వైపు వింతగా చూసింది. “వేళాకోళమని తరవాత గదా తెలిసింది! నువ్వు లాగినాక, నీ మొహం చూసినాక. ముందైతే నువ్వే మునిగావనుకున్నాడు. నేను ఈ షెడ్డులోనే ఉన్నా. ‘బామ్మర్ది గుంటలో పోయాడే! చెప్తే ఇన్నాడు కాదు!’ అని అరుచుకుంటా పోయాడు. శని కోసం ఎవరో వదిలేసుంటారు, ఆగవయ్యా అని నేను ఎనకమాల మొత్తుకున్నా. ‘కొత్త పట్టీలేయించుకున్న చెప్పులు శనికెవడిస్తాడే?’ అన్నాడు. అంతే, దిగాడు.”

నేను కొబ్బరికాయల బస్తా మీద కూచున్నాను. ఎవరూ గుర్తుపట్టకూడదని పట్టీలు మార్చింది నేనే. ఆ పట్టీలే ఆయన్ని నీళ్లలోకి తోశాయి.

“తరవాత ఏమన్నాడక్కా నన్ను?”

“ఏమంటాడు? ‘కుళ్లుతో చేశాడే, పోన్లే. మనిషి బయటున్నాడు, అది చాలు,’ అన్నాడు. ఈ చెప్పుల్ని రోజూ చూసుకునేవోడు. ఊరివైపు తిరిగుండయ్యా లేదా అని.”

అక్క ఆ జతని నా ముందు పెట్టింది. నేను తీసుకోలేదు. లేచి, మళ్లీ అరలోనే పెట్టాను, ఎట్లా ఉన్నాయో అట్లాగే. “షెడ్డు మూయమాకక్కా. కార్తీకం ఇంకా అయిపోలేదు,” అన్నాను.

ఇప్పుడు రేవులో నేనే కూచుంటున్నాను. వచ్చినవాళ్ల చెప్పులు ఏటివైపు పెడతాను, ఒడ్డుకొస్తే ఊరివైపు తిప్పుతాను. నాలో కుళ్లు పోయిందని అనుకోకండి. టీ తాగి, “మిలట్రీ బావ చేతి టీ రుచి వేరులే,” అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కృష్ణ ఎన్ని నిలువుల లోతున్నా నాకు భయం లేదు, ఈత వచ్చు కాబట్టి ఎవరికోసమైనా దూకాను. ఈత రాకుండా ఒక్క అడుగైనా ఎవరికోసమూ వేసినవాణ్ణి కాను. ఆయన వేశాడు, నాకోసం. ఆ సంగతి నాకు తెలిసేసరికి, రేపు చూద్దాం బావా అనడానికి కూడా మనిషి లేడు.